'సారీ' యను మాట – చైనా విద్యార్థుల చిక్కు



నేను తెలుగు పండితుడను. ముప్పదియేండ్లకు పైగా బడిలో ఛందస్సును వ్యాకరణమును చెప్పుచు, ఇంగ్లీషు పంతులుగారు సెలవు పెట్టిన దినములలో ఆ తరగతిని గూడ చూచుకొనుచు, వయసు నిండగా ఉద్యోగము విడిచినవాడను. అట్టి నేను ఒక ఇంగ్లీషు విశేషణమును చైనావారికి బోధించు విధమును గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోచవచ్చును. నాకును అట్లే యున్నది. ఆ పని నామీద బడిన విధము ముందు మనవి చేసెదను.

మా చిన్నవాడు వైద్యవిద్యకై చైనాకు వెళ్లెను. మన ప్రాంతముల పిల్లలు చాలమంది అటు పోయి చదివి వచ్చినవారే గనుక ఇందు విశేషము లేదు. అచట విదేశీయులకు పాఠములు ఇంగ్లీషులో చెప్పుదురు. రోగులతో మాటాడుటకు మాత్రము చైనాభాష నేర్వక తప్పదు. అందుచేత ఇచ్చిపుచ్చుకొను బేరమొకటి కుదిరినది. చైనా విద్యార్థులు కొందఱు సాయంకాలము మావాని గదికి వచ్చి, వానికి తమ భాష నేర్పుచు, వానియొద్ద ఇంగ్లీషు మాటాడుట అభ్యసించెడివారు. వారిలో నొక పిల్లవానికి ఒకనాడు తాతగారు పోయిరని ఊరినుండి కబురు వచ్చెను. ఆ సంగతి వాడు చెప్పగానే మావాడు "ఐ యామ్ సారీ" అనెను. ఆ పిల్లవాడు తెల్లబోయి, "ఇందులో నీ తప్పేమున్నది?" అనెనట.

మావాడు ఆ రాత్రి నాకు టెలిఫోను చేసి, "నాన్నగారూ, ఈ మాట వీరికి ఎట్లు బోధపఱుపవలెను?" అని యడిగెను. వాడు నవ్వుచునే యడిగెను గాని నాకు నవ్వు రాలేదు. అంతకు నాలుగైదేండ్లు ముందు జరిగిన యొక సంగతి నాకు జ్ఞప్తికి వచ్చినది.

మా వీథిలోని ఒక రైతు కుమారుని పాము కఱచెను. పట్టణములోని యొక ఆసుపత్రికి తీసికొని పోతిమి. నేనును వెంట నుంటిని. రాత్రి రెండు గంటలు దాటిన తరువాత వైద్యుడు వెలుపలికి వచ్చి, తల వంచుకొని, "సారీ అండీ" అనెను. అంతే. ఆ రైతు తమ్ముడు ఒక్క ఉదుటున లేచి, "చూచినారా, తప్పు తనదేనని తానే ఒప్పుకొంటున్నాడు!" అని వైద్యుని చొక్కా పట్టుకొనెను. విడిపించుటకు నలుగురము పట్టితిమి. నేను వానిని ప్రక్కకు దీసికొని పోయి, "నాయనా, అది క్షమాపణ కాదు, మీ దుఃఖమునకు తాను దుఃఖించుచున్నానని చెప్పుట" అంటిని. వాడు కన్నీళ్లతో, "అయితే అయ్యో అనరాదా?" అనెను. ఆ ప్రశ్నకు నాకు ఆనాడు సమాధానము దొరకలేదు.

కావున మావాని ప్రశ్న నాకు వేళాకోళము గాలేదు. నిఘంటువులు దగ్గర బెట్టుకొని కొన్ని దినములు ఆ మాటతోనే కాలము గడిపితిని. చైనాభాష నాకు రాదు. కాని మావాడును వాని స్నేహితులును ఒక్కొక్క మాటను విడదీసి చెప్పగా వింటిని. అట్లు నాకు తేలిన విషయము ఇది.

'సారీ' అను మాట పుట్టుక మొదట చూతము. ఇంగ్లీషులో 'సోర్' అనగా పుండు, నొప్పి. వేయి యేండ్ల క్రిందటి ఇంగ్లీషులో దానినుండియే 'సారిగ్' అను విశేషణము పుట్టెను. నొప్పి గలవాడు, లోపల సలుపు గలవాడు అని దాని యర్థము. అదియే నేటి 'సారీ'. ఇంగ్లీషులో దుఃఖమునకు 'సారో' అను మఱొక మాట గలదు. ఆ రెంటికిని చుట్టఱికమున్నదని పలువురు భ్రమపడుదురు. అది ఇంటిపేరు కలిసిన వారివంటి సంబంధమే, ధాతువులు వేఱు. కనుక ఈ మాటకు మూలమున నున్నది తప్పు గాదు, క్షమ గాదు, నొప్పి. ఆ నొప్పి పరుల కష్టము చూచి కలుగవచ్చును, తాను చేసిన పనిని తలచుకొని కలుగవచ్చును. ఇంగ్లీషువారు ఆ రెండు నొప్పులకును ఒక్కటే పేరు పెట్టిరి. చిక్కంతయు ఇందులో నున్నది.

మన శాస్త్రములలో దీనికి సైంధవ మను మాట ఉదాహరణముగా చెప్పుదురని మీలో చదువుకొన్నవా రెఱుగుదురు. సైంధవమనగా ఉప్పు, గుఱ్ఱము. యజమానుడు భోజనమునకు గూర్చుండి సైంధవము తెమ్మన్నచో ఉప్పు తేవలెను. ప్రయాణమునకు నడుము కట్టి తెమ్మన్నచో గుఱ్ఱమును తేవలెను. ప్రకరణమే అర్థమును నిర్ణయించును. నానార్థములు గల శబ్దములలో ఏ యర్థమును గ్రహింపవలెనో నిర్ణయించు హేతువులను భర్తృహరి తన వాక్యపదీయమున వరుసగా చెప్పియున్నాడు. అయితే ఉప్పునకును గుఱ్ఱమునకును పోలిక లేదు; పొరపడినవాడు వెంటనే బయటపడును. 'సారీ'లోని రెండర్థములు ఒకే గర్భమున బుట్టిన కవలలు. పొరపడినవానికి తాను పొరపడినట్లు చాలసేపటి వఱకు తెలియదు.

ఇక చైనావారి మాటలు. వారి భాషలో ఈ కవలలకు వేర్వేఱు పేర్లున్నవి. రెండే గావు, అరడజనున్నవి. 'యీహాన్' అనగా ఇట్లు జరిగినదే యను చింత. ఇందు చెప్పువాని తప్పు లేదు. 'వాన్‌షీ' అనగా నష్టము చూచి జాలిపడుట. 'దుయిబుచీ' అనునది నిత్యము వాడు మాట. దానిని విడదీసినచో "నీ యెదుట నిలువలేకున్నాను" అని వచ్చునట. మనము "మొగము చెల్లుట లేదు" అందుము గదా, ఇంచుమించు అదే. వీధిలో కాలు తొక్కినను దుయిబుచీ యందురు, మాట తప్పినను అదే యందురు. మఱియు 'బావ్‌చియెన్', 'దావ్‌చియెన్' అను రెండు మాటలు గలవు. మొదటిది మనసులో తప్పు తలచుకొనుట, రెండవది నోరు తెఱచి క్షమాపణ చెప్పుట.

ఈ కడపటి రెంటిలోను నున్న 'చియెన్' అను అక్షరమును గూర్చి కొంచెము ఆగి చెప్పవలెను. పొలము గలవారు మీరు దీనిని మెచ్చుకొందురు. ఆ అక్షరమునకు పాత యర్థము కడుపు నిండకుండుట, కొఱత. నేటికిని ఆ యక్షరముతోనే "పంట తక్కువగుట" అను మాట కట్టుదురు. ఆ యక్షరములో కుడివైపు భాగమును విడిగా వ్రాసినచో 'బాకీపడుట' అను మాట యగును. ఉచ్చారణము గూడ అదియే. అనగా చైనావాడు క్షమాపణ చెప్పునప్పుడు, "నీకు నేను కొలిచి యిచ్చిన దానిలో కుంచము తక్కువైనది, ఆ బాకీ నామీద నున్నది" అని లెక్క ఒప్పుకొనుచున్నాడు. ఇంగ్లీషువాడు నొప్పి చెప్పుకొనుచున్నాడు. చైనావాడు అప్పు ఒప్పుకొనుచున్నాడు. నొప్పి ఎవరికైనను కలుగవచ్చును. అప్పు తీసికొన్నవానికే యుండును. తాతగారు పోయిన పిల్లవాడు "నీ తప్పేమున్నది?" అని యడుగుటలో వింత యేమి? మావాడు తనకు లేని బాకీ నొప్పుకొన్నట్లు వానికి వినబడినది.

పిల్లలు నిఘంటువును చదువు తీరు అన్ని దేశములలోను ఒక్కటియే. ఒక మాటకు నాలుగర్థములు వరుసగా నున్నచో మొదటిదానిని కంఠస్థము చేసి పుస్తకము మూయుదురు. 'సారీ'కి మొదట కనబడునది దుయిబుచీ. దానితో పని ముగిసినదనుకొందురు. కాబట్టి అర్థములను గాక, ఆ మాట ప్రక్కన ఏమి కూర్చుండునో చూడ నేర్పుమని మావానికి చెప్పితిని.

"ఐ యామ్ సారీ టు హియర్ దట్" అన్నచో, ఆ సంగతి విని విచారించుచున్నాను. ఇందు క్షమాపణ రవంతయు లేదు. "సారీ ఫర్ యువర్ లాస్" అన్నను అంతే. నీకు గలిగిన నష్టమునకు నాకు దుఃఖము. "సారీ ఫర్ బీయింగ్ లేట్" అన్నచో ఆలస్యము చేసినది నేనే గనుక అది క్షమాపణ. 'ఫర్' అను మాట రెండుచోట్లను ఒక్కటే. దాని తరువాత వచ్చు పని ఎవరిదో చూడవలెను. పని నాదైనచో క్షమాపణ. పని దైవముదో, కాలముదో, మఱొకనిదో యైనచో దుఃఖము. ఇంతకన్న సులువైన గుఱుతు మఱొకటి యున్నది. జవాబు చూడుము. "మెయ్ గ్వాన్‌షీ", అనగా ఫరవాలేదు, అని జవాబు చెప్పదగినచో అది క్షమాపణ. తాత పోయినప్పుడు ఫరవాలేదనుట కుదురునా? కుదరదు. అక్కడ "థాంక్ యూ" అనవలెను. ఈ యొక్క మాటతో వారి చిక్కు సగము విడిపోయినదని మావాడు చెప్పెను.

ఈ మాట చోటు మార్చినచో అర్థమును మార్చును. మన వ్యాకరణములో ఉద్దేశ్య విశేషణమనియు విధేయ విశేషణమనియు విభాగమున్నది. 'ఎఱ్ఱని పువ్వు' అన్నచో ఎఱుపు పువ్వునకు ముందున్నది; 'ఆ పువ్వు ఎఱ్ఱనిది' అన్నచో వెనుక నుండి విధింపబడుచున్నది. పువ్వు విషయములో ఎఱుపు రెండుచోట్లను ఎఱుపే. 'సారీ' అట్లు గాదు. 'ద మ్యాన్ ఈజ్ సారీ' అన్నచో ఆ మనుష్యుడు నొచ్చుకొనుచున్నాడు. 'ఎ సారీ మ్యాన్' అన్నచో వాడు చూచువారికి జాలి గొలుపు దీనుడు, లేదా ఎందుకును కొఱగానివాడు. నొప్పి మనుష్యునిలో నుండి చూచువానిలోనికి దుమికినది. 'ఎ సారీ సైట్' అనగా చూడలేని దృశ్యము. కూలిన గోడలతో నున్న బడిని చూచి అట్లనవచ్చును. చైనా విద్యార్థి యొకడు తన గురువును గూర్చి, ఆయన తన పొరపాటు నొప్పుకొన్న మంచివాడను తాత్పర్యముతో, "హి ఈజ్ ఎ సారీ టీచర్" అని వ్రాసెనట. ఆ కాగితము గురువుగారి కంట బడకముందే మావాడు చింపివేయించెను.

ఇంతకన్న ప్రమాదకరమైనది 'ఫీల్' అను క్రియతోడి కూడిక. "ఐ ఫీల్ సారీ ఫర్ యూ" అన్నచో, నిన్ను చూచి జాలిపడుచున్నాను అని యర్థము. ఒక పిల్ల తరగతికి ఆలస్యముగా వచ్చి ఉపాధ్యాయినితో వినయముగా ఆ మాట యనెనట! బాకీ చెల్లింపబోయి కొత్త బాకీ తెచ్చుకొన్నట్లయినది.

మఱియొక చిన్న దోషము. వారు తఱచు 'యామ్' విడిచి "ఐ వెరీ సారీ" అందురు. ఇందుకు కారణము వారి వ్యాకరణమే. చైనాభాషలో విశేషణమే క్రియవలె వాక్యమును ముగించును. నడుమ మఱొక క్రియ అక్కఱలేదు. మనకును 'వాడు మంచివాడు' అన్నచో చాలును గదా. అందుచేతనే మన పిల్లలును "హి గుడ్ బాయ్" అని వ్రాసి దెబ్బలు తినిరి. అయితే ఆ విశేషణమునకు ముందు చైనావారు 'హెన్' అను మాట నుంచుదురు. దాని యర్థము 'చాల' యనియే గాని, అచట దానికి బరువు మిక్కిలి తక్కువ. వాక్యము నిలుచుటకై వేసిన ముడుపు కఱ్ఱ వంటిది. దానినే వారు 'వెరీ'గా మార్చుదురు. ఇంగ్లీషులో 'వెరీ'కి బరువున్నది. ఎంత బరువున్నదో ఇపుడు చెప్పబోవు కథలో చూడుడు.

2001వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన, చైనాకు దక్షిణమున నున్న హైనాన్ ద్వీపమునకు దూరముగా సముద్రముమీద, అమెరికా నౌకాదళమువారి నిఘా విమానమొకటియు, దానిని వెంబడించుచుండిన చైనా యుద్ధవిమానమొకటియు ఆకాశమున ఢీకొనెను. చైనా విమానము కూలి, దాని చోదకుడు వాంగ్ వేయ్ సముద్రమున గల్లంతయ్యెను. అతడు మఱల కనబడలేదు. దెబ్బతిన్న అమెరికా విమానము ఎట్లో ఎగిరి, హైనాన్ ద్వీపములోని లింగ్‌షుయి సైనిక విమానస్థలమున అనుమతి లేకయే దిగెను. అందులో 24 మంది యుండిరి. చైనావారు వారి నందఱిని నిర్బంధించిరి. తప్పు మీ చోదకునిదని వీరు, కాదు మీదేనని వారు. ఆ వివాదములోనికి మనము పోవలదు. మనకు కావలసినది మాట.

చైనావారు కోరినది దావ్‌చియెన్, నోరార క్షమాపణ. దక్షిణ అమెరికా దేశములలో పర్యటించుచుండిన నాటి చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్, వీధిలో ఇద్దఱు తగిలికొన్నప్పుడు సైతము మన్నింపుమని చెప్పుకొనుట ఏ దేశమందైనను ఉన్నదే గదా యనెను. చోదకుని భార్య అమెరికా అధ్యక్షునకు లేఖ వ్రాసి, ఒక్క క్షమాపణ వాక్యమైన రాలేదని ఆక్రోశించెను. అమెరికావారు తొలుత 'రిగ్రెట్' అను మాట వాడిరి. అది దొరతనపు మాట. జరిగినదానికి చింతించుచున్నామనుటయే గాని తప్పు మాదనుట గాదు. రైలు ఆలస్యమైనప్పుడు మన స్టేషనులలో "అసౌకర్యమునకు చింతిస్తున్నాము" అని వినిపించును గదా. ఆ చింతయే యిది. ఆ మాట వినుచు గంటలకొలది బల్లమీద గూర్చుండినవారికి దాని లోతెంతయో తెలియును. చైనావారు అది చాలదనిరి. ఇంగ్లీషులో స్పష్టమైన క్షమాపణకు 'అపాలజీ' అను మాట యున్నది. (అదియు వింత మాటయే, గ్రీకుభాషలో దానికి మూలమైన పదమునకు సభలో తన్ను తాను సమర్థించుకొను వాదమని యర్థము.) ఆ మాటను అమెరికావారు ముట్టుకొనలేదు, ముట్టుకొన్నచో ఢీకొనుటలో తప్పు తమదని ఒప్పుకొన్నట్లగునని వారి భయము.

అట్లు పదునొకండు దినములు గడచెను. రిగ్రెట్ చాలదు, అపాలజీ కూడదు. ఆ రెంటి నడుమ మిగిలినది 'సారీ'. అదియు ఒంటిగా చాలక, ముందు 'వెరీ' చేరినది. ఏప్రిల్ 11వ తేదీన అమెరికా రాయబారి జోసెఫ్ ప్రూహర్, చైనా విదేశాంగ మంత్రి తాంగ్ చియాశ్వెన్‌కు ఇంగ్లీషున ఒక లేఖ యిచ్చెను. అందు 'వెరీ సారీ' అను మాట రెండుమార్లు వచ్చును. కావుననే దానిని 'రెండు సారీల లేఖ' యని పిలిచిరి.

పండితుడను గనుక ఆ లేఖకు భాష్యము చెప్పక ఊరకుండలేను. మొదటి వాక్యములో, చైనా ప్రజలకును వాంగ్ వేయ్ కుటుంబమునకును గలిగిన నష్టమునకు తాము వెరీ సారీ యని తెలుపుమని యున్నది. పైన జెప్పిన గుఱుతు పట్టి చూడుడు. నష్టము ఎవరిది? వారిది. కాబట్టి ఇది దుఃఖము. మావాడు ఆ పిల్లవానితో చెప్పినదే. రెండవ వాక్యములో, తమ విమానము నోటిమాట అనుమతి లేకయే చైనా ఆకాశమున బ్రవేశించి దిగినందుకు వెరీ సారీ యని యున్నది. పని ఎవరిది? చెప్పువారిదే. కాబట్టి ఇది క్షమాపణకు దగ్గఱగా వచ్చినది. కాని దేనికి? దిగుటకు. ఢీకొనుటకు గాదు. ఢీకొనుటకు ఎవరు బాధ్యులో ఆ లేఖ చెప్పదు. ఒకే మాట రెండుచోట్ల, రెండర్థములతో. ఏది యేదియో విడదీయు భారము చదువరిది.

చైనా పత్రికలు ఆ రెండుచోట్లను ఒక్క మాటనే వాడి అనువదించెను: 'షెన్‌బ్యావ్ చియెన్‌యీ'. అనగా గాఢమైన చియెన్‌ను వెల్లడించుట. మనము విన్న ఆ బాకీ యక్షరమే! నొప్పి అప్పుగా మాఱెను. చైనావారు ఇది క్షమాపణయే యని తమ ప్రజలకు చెప్పుకొనిరి. అమెరికావారు ఇది క్షమాపణ కాదని తమ ప్రజలకు చెప్పుకొనిరి. ఇంగ్లీషు మాటను బట్టి చూచినచో రెండును చెప్పదగినవే. మఱునాడు ఆ 24 మందియు విడుదలయి విమానమెక్కిరి. వారి విమానము మాత్రము విడివిడి భాగములుగా జులై మాసమున గాని పోలేదు. తరువాత ఖర్చులకై చైనా పది లక్షల డాలర్లు అడుగగా అమెరికా 34,567 డాలర్లు ఇవ్వజూపెను, చైనా కాదనెను. బాకీ యను మాటకు ఇరువురి లెక్కలు ఎంత దూరముగా నుండెనో అందువలన తెలియును.

ఇది మోసము గాదా యని మీలో ఎవరైన నడుగవచ్చును. నేనును చాలకాలము అట్లే తలంచితిని. ఊరి తగవులలో ఇట్టి మాటలు మనము చూడనివి గావు. ఒకమాఱు మా యూర బోదె నీటికై అన్నదమ్ముల పిల్లలు కొట్టుకొన్నప్పుడు, పెద్దల యెదుట పెద్దవాడు "జరిగినదానికి విచారిస్తున్నాను" అనెను. చిన్నవాడు, "విచారము వద్దు, తప్పయిపోయినదనుము" అని పట్టుబట్టెను. రెండు నెలలు ఆ మాట దగ్గఱనే తగవు నిలిచిపోయి, నాట్లు వెనుకబడెను. మన 'విచారము' గూడ రెండు మొగములు గల మాటయే. సంస్కృతమున దానికి ఆలోచన, పరిశీలన యని యర్థము. తెలుగున దుఃఖము గూడ నయ్యెను. కచేరీలో విచారించెదమన్నచో ఏ విచారమో యని అర్జీదారుడు భయపడవలసినదే. 'మన్నించు' చూడుడు, గౌరవించుట యనియు క్షమించుట యనియు రెండర్థములు. ఆ చిన్నవాడు విచారమును ఒప్పుకొనలేదు. తుదకు ఒక ముసలమ్మ పెద్దవానిచేత "మన్నించరా తమ్ముడూ" అనిపించి తగవు తెంచెను. ఆ మాటలో తప్పు ఒప్పుకొన్నట్లును ఉన్నది, ఒప్పుకొననట్లును ఉన్నది. ఆమె చేసినది మోసమని మే మెవ్వరమును అనుకొనలేదు.

అయినను హైనాన్ లేఖలో నాకొక ముల్లు మిగిలియే యున్నది. ఆ 24 మంది ఇండ్లవారికి ఆ మాటవలన మేలే కలిగెను. వాంగ్ వేయ్ భార్యకు అందినదేమి? ఆమె అడిగినది బాకీ నొప్పుకొనుట, పంపబడినది నొప్పి, ఆమె దేశపు పత్రికలో అచ్చయినది బాకీ. తనకు పంపినదే తనకు చేరినదని ఆమె యనుకొని యుండవలెను. దేశములు సర్దుకొన్నవి. అది ఒక యింటి దుఃఖము గూడ నైనప్పుడు, ఇంగ్లీషు మాటలోని ఆ సందు అంత మెచ్చుకోదగినదిగా నాకు దోచదు.

వైద్యులకు ఈ సంగతి మఱింత దగ్గఱది. రోగి పోయినప్పుడు సారీ యన్న వైద్యునిపై ఆ మాటనే సాక్ష్యముగా బెట్టి వ్యాజ్యము తెచ్చినచో, ఇక వైద్యులు నోరు తెఱవకుందురు. అందుచేత కొన్ని దేశములలో చట్టములు చేసిరి. హాంగ్‌కాంగ్‌లో ఇంగ్లీషును చైనాభాషయు రెండును అధికారభాషలు. అచట 2017 డిసెంబరు 1వ తేదీనుండి క్షమాపణల చట్టము అమలులోనికి వచ్చెను. ఒకడు క్షమాపణ చెప్పినంత మాత్రమున, సివిలు వ్యాజ్యములలో ఆ మాటను వాని తప్పునకు సాక్ష్యముగా గైకొనరాదని దాని సారము. ఆ చట్టము క్షమాపణకు చెప్పిన నిర్వచనములో విచారమును, సానుభూతియు గూడ చేరియున్నవి. సారీ యనుటయు అందులోనిదే. చైనాభాషలో ఆ చట్టము పేరులో నున్నవి మనము చెప్పుకొన్న దావ్‌చియెన్ అక్షరములే (హాంగ్‌కాంగ్‌వారి ఉచ్చారణము వేఱు). చైనాభాష వేఱుగా నుంచిన వానిని చట్టము ఒక్క గాటను గట్టినది. వైద్యులకు మేలే. భాషకు మేలా యన్నది నేను చెప్పజాలను.

'సారీ'కి తక్కిన వాడుకలు స్వల్పములు. మాట సరిగా వినబడనప్పుడు "సారీ?" అని దీర్ఘము తీసి యడుగుదురు, మఱల చెప్పుమని యర్థము. కాదని చెప్పవలసినప్పుడు ముందుగా సారీ యని యంచు మెత్తన చేయుదురు. "యూ విల్ బి సారీ" అన్నచో నీవు పశ్చాత్తాపపడుదువని బెదిరింపు. ఇవి ప్రకరణమును బట్టి వారికే తెలిసినవి. నేర్పవలసిన పని లేకపోయెను.

మావాడిపుడు మన పట్టణములలో నొకచోట వైద్యుడు. రోగి దక్కనప్పుడు బంధువులతో ఏమందువని మొన్న వచ్చినప్పుడు అడిగితిని. "ముందు వారిని కూర్చుండబెట్టుదును నాన్నగారూ. తరువాత తెలుగులోనే చెప్పుదును. ఏమి చేసితిమో, ఏది చేతగాకపోయినదో రెండును చెప్పుదును" అనెను. 'అయ్యో' అందువా యని యడిగితిని. ఆ మాట తాననకముందే నోట వచ్చునని చెప్పెను.